ఏ పిన్ను ఎక్కడ గుచ్చాలి?



ఇవాళ మైకు సెట్టు వెనక వైపు గురించి మాట్లాడుకుందాం. ముందు వైపు అందరికీ తెలుసు. నాబులుంటాయి, లైట్లుంటాయి, తిప్పితే సౌండ్ పెరుగుతుంది. వెనక వైపు సాకెట్లుంటాయి, స్క్రూలుంటాయి, వైర్లు వేలాడుతుంటాయి. గొడవంతా అక్కడే.

జగ్గయ్యపేట, నందిగామ, వత్సవాయి, కంచికచర్ల. ఈ వైపు ఊళ్ళలో మైకు మోగని నెల ఉండదు. కాగితాల మీద 2022 ఏప్రిల్ నుంచి ఇది ఎన్టీఆర్ జిల్లా. మాటల్లో ఇంకా కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమే. శ్రీరామనవమి పందిళ్ళు, వినాయక చవితి, క్రిస్మస్, మాఘమాసంలో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళు, పెళ్ళిళ్ళు, బడి పిల్లల వార్షికోత్సవాలు. అన్నిటికీ మైకు సెట్టు కావాలి. ఒకప్పుడు మైకు సెట్టు వాడు వచ్చి పెట్టి వెళ్ళేవాడు. ఇప్పుడు గుడికొక సెట్టు, చర్చికొక సెట్టు సొంతానికే ఉంటున్నాయి. వైర్లు తగిలించేది ఊరి కుర్రాళ్ళు.

పందిట్లో పాట పెడతారు. బరబరమంటుంది. కమిటీ పెద్దాయన వస్తాడు.

"ఏరా అబ్బాయ్, ఏంట్రా ఆ సౌండు? ఒక్క ముక్క అర్థమవుతోందా?"

"బాక్సు పోయింది బాబాయ్."

బాక్సు పోలేదు. కుర్రాడు ఫోను పిన్ను తీసుకెళ్ళి మైకు సాకెట్లో గుచ్చాడు.

ఇంకో పందిట్లో దీనికి తలకిందులు. పంతులుగారు కల్యాణ మంత్రాలు చదువుతుంటే రెండో వరసకే వినపడదు. నాబు చివరిదాకా తిప్పుతారు. మంత్రంతో పాటు బుస్సుమని సొద. అక్కడ మైకు పిన్ను, ఫోను పెట్టాల్సిన ఆక్స్ సాకెట్లో ఉంది.

రెండు చోట్లా మిషన్లు బాగానే ఉన్నాయి. పిన్ను పట్టింది కాబట్టి గుచ్చారు. పిన్ను పట్టినంత మాత్రాన సిగ్నల్ సరిపోయినట్టు కాదు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. రెండు పెట్టెలు కలిపే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ పెట్టె ఎంత ఇస్తోంది? ఆ పెట్టె ఎంత అడుగుతోంది?

ఎంత అంటే, వోల్టుల్లో ఎంత. వైరులో పోయే పాటైనా పద్యమైనా కరెంటు రూపంలోనే పోతుంది. దానికొక ఎత్తు ఉంటుంది. ఆ ఎత్తునే లెవెల్ అంటారు.

అన్నిటికన్నా కింద ఉండేది మైకు లెవెల్. చేత్తో పట్టుకుని మాట్లాడే మామూలు మైకు ఇచ్చేది ఒకటి రెండు మిల్లీవోల్టులు. అంటే వోల్టులో వెయ్యో వంతు, మహా అయితే ఇంకొంచెం. దాని మీద ఉండేది లైన్ లెవెల్. ఫోను, కీబోర్డు, ల్యాప్‌టాప్, మిక్సరు, ఇవన్నీ ఇచ్చేది ఇంచుమించు ఒక వోల్టు. ఇంకా పైన ఉండేది స్పీకర్ లెవెల్. అక్కడ పదుల వోల్టులు. 100 వాట్ల యాంప్లిఫైయరు 8 ఓముల స్పీకరుకు పూర్తిగా ఇస్తే 28 వోల్టులు పోతాయి.

మళ్ళీ చెప్తాను. మైకు వోల్టులో వెయ్యో వంతు. లైను ఒక వోల్టు. స్పీకరు పదుల వోల్టులు.

మన మెట్ట రైతులకు దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. సాగర్ ఎడమ కాలువ చివరి భూములు మనవి. పెద్ద కాలువ నీళ్ళు మేజరులోకి వస్తాయి, మేజరు నుంచి మైనరుకు, తూము దాటి పిల్ల కాలువకు, అక్కడి నుంచి బోదెకు, బోదె నుంచి మడికి. మేజరు కాలువను తిన్నగా బోదెలోకి తిప్పితే ఏమవుతుంది? గట్టు తెగుతుంది. బోదెలో పారే నీళ్ళు పోసి మేజరు నింపుదామంటే? అడుగు కూడా తడవదు. మైకు సాకెట్ బోదె లాంటిది. ఆక్స్ సాకెట్ పిల్ల కాలువ. ఏ నీళ్ళకు ఏ దారో ఆ దారే ఇవ్వాలి.

ఇప్పుడు ఫోను సంగతి చూడండి. వాల్యూమ్ నిండా పెడితే ఫోను అర వోల్టు నుంచి ఒక వోల్టు దాకా ఇస్తుంది. మైకు సాకెట్ ఎదురుచూసేది ఒక మిల్లీవోల్టు. అంటే అడిగినదానికి కొన్ని వందల రెట్లు పోస్తున్నాం. "నాబు తగ్గించాను కదండీ" అంటారు. తగ్గించినా బరబర పోదు. సౌండ్ తగ్గుతుంది, బరబర అట్లాగే ఉంటుంది. ఎందుకంటే చాలా యాంప్లిఫైయర్లలో మైకు సాకెట్ వెనక ముందుగా ఒక పెంచే సర్క్యూట్ ఉంటుంది. నాబు దాని తరవాత వస్తుంది. పాట ఆ సర్క్యూట్లోనే నలిగిపోయింది. గట్టు తూముకు ఎగువనే తెగింది. ఇక తూము మూసి లాభమేముంది?

మరి ఏం చెయ్యాలి? యాంప్లిఫైయరు వెనక్కి వెళ్ళండి. టార్చి వేసి చూడండి. మైకు అని రాసి ఉన్న సాకెట్లు ఒక వరస. ఆక్స్ అనో, లైన్ ఇన్ అనో రాసి ఉన్నవి వేరే ఉంటాయి. కొన్ని పెట్టెల మీద ఆ పక్కనే చిన్న అక్షరాల్లో అంకె కూడా వేస్తారు, ఎన్ని మిల్లీవోల్టులకు తయారుచేశారో. మైకు పక్కన ఒకటికి అటూ ఇటూ ఉంటుంది. ఆక్స్ పక్కన వందల్లో ఉంటుంది. ఆ అంకె చదవడానికి అర నిమిషం పట్టదు. కొన్న రోజు నుంచి ఆ వెనక రాత చదవని ఇళ్ళే ఎక్కువ. దుమ్ము మాత్రం బాగా పేరుకుని ఉంటుంది.

ఫోను, కీబోర్డు, ల్యాప్‌టాప్ ఆక్స్‌లో పెట్టండి. మైకు మైకులో పెట్టండి. ఫోను వాల్యూమ్ ముప్పాతిక దగ్గర ఉంచి, మిగతాది యాంప్లిఫైయరు నాబుతో పెంచండి. ఫోను వాల్యూమ్ మరీ తగ్గించి యాంప్లిఫైయరు బాగా పెంచితే పాటతో పాటు సొద కూడా పెరుగుతుంది.

ఒక్కోసారి ఆక్స్ ఖాళీ ఉండదు. ఉన్న రెండు ఆక్స్‌లూ నిండిపోయాయి, కీబోర్డు అబ్బాయి వచ్చాడు, మైకు సాకెట్ ఒక్కటే మిగిలింది. అప్పుడు లెవెల్ తగ్గించి ఇవ్వాలి. అట్లా తగ్గించే దాన్ని ప్యాడ్ అంటారు. రెండు రెసిస్టర్లతో రేడియో రిపేరు తెలిసిన ఎవరైనా సాల్డరింగ్ చేసి ఇస్తారు. కాగితం, పెన్ను ఉంటే రాసుకోండి. సిగ్నల్ వైరుకు వరసలో పది కిలో ఓముల రెసిస్టరు ఒకటి. దాని అవతల, సిగ్నల్ వైరుకూ ఎర్తుకూ మధ్య వంద ఓములది ఒకటి. వరసలో పది కిలో ఓములు. ఎర్తుకు వంద ఓములు. ఒక వోల్టు లోపలికి వెళితే పది మిల్లీవోల్టులు బయటికి వస్తాయి. వందో వంతు. మైకు సాకెట్ దాన్ని తట్టుకుంటుంది. సౌండ్ వాళ్ళ భాషలో ఇది 40 డెసిబెల్సు తగ్గించడం. 20 డెసిబెల్సు తగ్గిస్తే పదో వంతు, 40 తగ్గిస్తే వందో వంతు. పనికి ఈ రెండూ గుర్తుంటే చాలు.

ఫోను స్టీరియో కదా, ఎడమ, కుడి అని రెండు వైర్లొస్తాయి. ఆ రెంటినీ మెలిపెట్టి ఒకటి చేసేస్తారు. అట్లా చెయ్యకండి. ఎడమకు ఒక పది కిలో ఓములు, కుడికి ఒక పది కిలో ఓములు పెట్టి, ఆ రెండు కొసలూ కలిపి, కలిసిన చోట నుంచి ఎర్తుకు వంద ఓములది పెట్టండి. అప్పుడు ఒకదాన్నొకటి లాగవు.

మధ్యలో ఒక తమాషా చెప్పాలి. స్టీరియో పిన్నున్న వైరును మిక్సరులో బ్యాలెన్స్‌డ్ సాకెట్లో గుచ్చితే ఒక్కోసారి పాటలో గాయకుడు మాయమవుతాడు. తబలా వినపడుతుంది, వయొలిన్లు వినపడతాయి, గొంతు మాత్రం ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఫోను పాడైపోయిందనుకుంటారు. సంగతేమిటంటే, ఆ సాకెట్ రెండు వైర్ల మధ్య తేడానే తీసుకుంటుంది. గొంతు ఎడమలోనూ కుడిలోనూ సమానంగా ఉంటుంది. సమానమైనవి తీసేస్తే మిగిలేది సున్నా. వైరు మారిస్తే గాయకుడు తిరిగొస్తాడు.

ఇక మైకు దగ్గరికి వద్దాం. మైకు లెవెల్ ఒకటి రెండు మిల్లీవోల్టులు అన్నాను కదా. అది మామూలు మాటకు. మన ప్రాంతంలో పౌరాణిక నాటకం మోజు ఇంకా తగ్గలేదు. రాయబారం సీను పెట్టారంటే తెల్లవారే దాకా జనం కదలరు. కృష్ణుడు మెల్లగా మాట మొదలుపెడతాడు. హార్మోనియం అందుకుంటుంది. పద్యం ఎత్తుకుంటాడు. ఆలాపనలో పై స్థాయికి వెళ్ళి మైకు మీదికి వంగుతాడు. ఆ క్షణంలో అదే మైకు ఇచ్చేది ఒకటి రెండు కాదు, పదుల మిల్లీవోల్టులు. మామూలు మాటకు ఇరవై రెట్లు దాకా పెరగవచ్చు. జనం వన్స్‌మోర్ అంటారు. యాంప్లిఫైయరు మీద ఎర్ర లైటు వెలుగుతుంది. పద్యం చివరి పాదం బొంగురుపోతుంది.

దీనికి కారణం సాయంత్రం చేసిన టెస్టింగ్. "హలో హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ." ఆ మెల్లని గొంతుకు సరిపోయేట్టు నాబు పెట్టి కూర్చున్నారు. నటుణ్ణి పిలవండి. "అయ్యా, మీరు బాగా ఎత్తిపాడే పద్యం ఒక్క పాదం అందుకోండి" అని అడగండి. దానికి ఎర్ర లైటు వెలగకుండా నాబు పెట్టండి. మాట కొంచెం చిన్నగా వినపడితే వినపడనివ్వండి. మాటకోసం పెంచుకోవచ్చు, తెగిన పద్యాన్ని అతికించలేం.

దూరం కూడా లెవెల్‌ను మారుస్తుంది. ఆరుబయట మైకుకు జానెడు దూరంలో ఉన్న నోరు రెండు జానల దూరానికి జరిగితే, మైకు ఇచ్చే వోల్టులు ఇంచుమించు సగమవుతాయి. అందుకే పై నుంచి వేలాడదీసిన మైకులకు నటుడు ఎక్కడ నిలబడాలో చెప్పి ఉంచాలి. నేల మీద సుద్దముక్కతో గీత గీసే పాత పద్ధతి బ్రహ్మాండమైనది.

ఈ రేడియో స్టూడియోలో నా ముందున్న మైకు కూడా కొన్ని మిల్లీవోల్టులే ఇస్తుంది. అద్దం అవతల కూర్చున్న ఇంజనీరు గారు దాన్ని వోల్టు దాకా పెంచి ముందుకు పంపిస్తారు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. వైర్లు మారాయి, పెట్టెలు మారాయి, మైకును లైను దాకా పెంచే ఈ పని మారలేదు. రేడియోలో ఉషశ్రీ గారి భద్రాచలం సీతారామ కల్యాణ వ్యాఖ్యానం విన్నవాళ్ళు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. అట్లా బయటి నుంచి చేసే ప్రసారాలకు టెలిఫోను తీగలు అద్దెకు తీసుకునే రోజులు ఒకప్పుడుండేవి. ఆ తీగకు ఎంత లెవెల్ ఇవ్వాలో లెక్క ఉండేది. ఎక్కువిస్తే పక్క తీగలోకి కారుతుంది, తక్కువిస్తే దారిలో గరగరలో కలిసిపోతుంది.

ఆ లెక్క టెలిఫోను వాళ్ళదే. 600 ఓముల లైనులో ఒక మిల్లీవాటు శక్తి పోతే 0.775 వోల్టులు వస్తాయి. అది వాళ్ళ గీటురాయి. 1939లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌తో ఎన్‌బీసీ, సీబీఎస్ రేడియో కంపెనీలు కూడబలుక్కుని, లెవెల్ చూపించే వీయూ మీటరు ఖరారు చేశాయి. స్టూడియో మిక్సర్లలో ఆ మీటరు ముల్లు సున్నా దగ్గర ఆడితే లైనులో 1.23 వోల్టులున్నట్టు. ఇళ్ళలో వాడే టేప్‌రికార్డర్లు, డీవీడీ ప్లేయర్లు అంతకన్నా చిన్న లెక్క పెట్టుకున్నాయి, 0.316 వోల్టులు. అందుకే పెద్ద మిక్సరుకు ఇంటి ప్లేయరు తగిలిస్తే నాలుగో వంతు ఎత్తులో వినిపిస్తుంది. అది చెడిపోవడం కాదు. నాబు కొంచెం పెంచుకోవడమే.

పెళ్ళి వీడియో తీసే తమ్ముళ్ళకు ఒక మాట. కెమెరాకు బయటి మైకు పెట్టుకునే చిన్న సాకెట్ ఉంటుంది. అది మైకు లెవెల్‌కు చేసింది. మైకు సెట్టు వాడి దగ్గరికి వెళ్ళి "అన్నా, నాకో లైన్ ఇవ్వు" అంటారు. అన్న లైన్ అవుట్ నుంచి వోల్టు ఇస్తాడు. కెమెరాలో రికార్డింగు మొత్తం నలిగిపోతుంది. మాంగల్యధారణ రెండోసారి జరగదు కదా! కెమెరా మెనూలో మైకు, లైను అని మార్చుకునే ఏర్పాటు ఉందేమో చూడండి. లేకపోతే ఇందాక చెప్పిన ప్యాడ్ పెట్టుకోండి. డిజిటల్ రికార్డింగులో సున్నా డెసిబెల్సు అంటే పైకప్పు. దాని పైన ఏమీ లేదు. గట్టి మాట మైనస్ పన్నెండు దగ్గర ఆడితే చాలు.

ఒక్కటి మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. స్పీకరుకు పోయే వైరులోంచి కెమెరాకు గానీ, ఫోనుకు గానీ, మిక్సరుకు గానీ లైన్ తీసుకోకండి. అక్కడున్నది పదుల వోల్టులు. అటువైపు పెట్టె తట్టుకోదు.

పదులేమిటి, తిరునాళ్ళలో అయితే వందే. పెనుగంచిప్రోలులో మునేటి ఒడ్డున, గుడి చుట్టూ, బస్సులు ఆగే చోట హార్నులు కడతారు. తప్పిపోయిన పిల్లల పేర్లు చెప్తుంటారు. ఒక్క యాంప్లిఫైయరు నుంచి అంత దూరం వైరు లాగుతారు. మామూలు స్పీకరు పద్ధతిలో పంపితే దారిలోనే వైరు తినేస్తుంది. అందుకని వోల్టేజి పెంచి పంపుతారు. దాన్నే 100 వోల్టు లైన్ అంటారు. ఊరి బయట సబ్‌స్టేషన్ నుంచి కరెంటును ఎక్కువ వోల్టేజిలో తెచ్చి, వీధి చివర ట్రాన్స్‌ఫార్మరుతో తగ్గించే పద్ధతే ఇది.

లెక్క చూడండి. 100 వాట్లు 8 ఓముల పద్ధతిలో పంపితే వైరులో మూడున్నర ఆంపియర్లు నడుస్తుంది. అదే 100 వోల్టుల్లో పంపితే ఒక్క ఆంపియరు. వైరులో నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి పన్నెండో వంతుకు పడిపోతుంది. సన్న వైరైనా పని జరుగుతుంది.

యాంప్లిఫైయరు వెనక స్క్రూల వరస చూడండి. కామన్, 4 ఓములు, 8 ఓములు, 16 ఓములు, 70 వోల్టులు, 100 వోల్టులు అని ఉంటాయి. 100 వోల్టుల స్క్రూ నుంచి వైరు లాగితే ప్రతి హార్నుకూ లైన్ మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మరు ఉండాలి. మైకు సెట్టు వాళ్ళు ఎల్‌ఎంటీ అంటారు. అది లేని హార్నును 100 వోల్టులకు కలిపితే లోపలి కాయిల్ మాడుతుంది. ఇంకో జాగ్రత్త. హార్నుల వాట్లన్నీ కూడి చూసుకోండి. 25 వాట్లవి నాలుగంటే 100 వాట్లు. 120 వాట్ల యాంప్లిఫైయరు మోస్తుంది. ఇంకో రెండు తగిలిస్తే మొయ్యదు. పాత మైకు సెట్టు వాళ్ళకు ఈ లెక్క వేళ్ళ మీద ఉండేది. పెద్ద పెద్ద డీజే బాక్సులొచ్చాక ఈ విద్య పలచబడింది. నాకైతే తిరునాళ్ళకు ఆ పాత హార్నులే నయమనిపిస్తాయి. మాట స్పష్టంగా దూరం పోతుంది, గుండెలదరవు.

ఆ వైరు మైకు వైరే కదా అని తడి చేత్తో పట్టుకోకండి. పాట మోగుతున్నంతసేపూ అందులో 100 వోల్టుల దాకా ఉంటుంది. షాకు కొడుతుంది. కలిపేటప్పుడు, విప్పేటప్పుడు యాంప్లిఫైయరు ఆపెయ్యండి. జాయింట్లకు టేపు చుట్టండి. పిల్లలకు అందే ఎత్తులో వేలాడనివ్వకండి.

చివరగా, రాతలన్నీ చెరిగిపోయిన పాత పెట్టె ఒకటి మీ ముందుందనుకుందాం. ఏది మైకో, ఏది లైనో తెలియదు. స్పీకరు స్క్రూల జోలికి మాత్రం వెళ్ళకండి. అన్ని నాబులూ సున్నాకు తెచ్చి, ఫోను వాల్యూమ్ సగం పెట్టి, పిన్ను గుచ్చి, నాబు మెల్లగా తిప్పండి. పదికి ఒకటి దగ్గరే అరిచి బరబరమందా? అది మైకు సాకెట్. ఫోను తీసెయ్యండి. పదికి నాలుగు, అయిదు దగ్గర శుభ్రంగా మోగిందా? అది ఆక్స్. మైకును కూడా అట్లాగే చూడండి. పదికి తొమ్మిది పెట్టినా గొంతు పెగలకపోతే అది మైకు చోటు కాదు. తెలిశాక ఒక తెల్ల స్టిక్కరు అంటించి, దాని మీద తెలుగులోనే రాసి పెట్టండి. వచ్చే పండక్కి ఆ పెట్టె దగ్గర కూర్చునేది ఇంకో కుర్రాడు.